నాలుగో దెబ్బ

ఈ కుడిచేయి మీద ఒట్టు పెట్టి చెప్తాండా. నేను అన్నం తినేదీ ఈ చేత్తోనే, అన్నం సంపాదించేదీ ఈ చేత్తోనే. నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమైనా రేపటి నుంచి ఇది మౌసు పట్టుకోకుండా పోనీ... ఇంతకంటే పెద్ద ఒట్టు నాకాడ లేదు.

నవ్వద్దండప్పా. మీరు అడిగినారు కాబట్టి చెప్తాండా. మధ్యలో ఎవురన్నా నవ్వితే ఆడికి ఆపేస్తా, మళ్ల కాళ్లా వేళ్లా పడినా చెప్పను.

ముందు నా గురించి రెండు మాటలు. మీకు తెలుసులే, అయినా చెప్తా. నా గురించి చెప్పుకునేదానికి నాకేం మొహమాటం లేదు. మాది బత్తలపల్లె పక్కన పల్లె. మా నాయన శెనక్కాయ పంటని నమ్ముకున్నోడు. వాన పడిన ఏడు రైతు, పడని ఏడు కూలి. నాకా సేద్యం వద్దని ధర్మవరం వచ్చి కంప్యూటర్ ముందర కూచ్చున్నా. రెండువేల మూడో, నాలుగో... ఆ టైముకి ఆ ఊర్లో పాట రికార్డు చేసి, కోసి, అతికి, సీడీ చేసి చేతిలో పెట్టేది ఈ ఓబులేసు ఒక్కడే. భజన పాటలు నా కాడికే వచ్చేవి. ఎలక్షన్ పాటలు నా కాడికే వచ్చేవి. ఒకే రోజు రెండు పార్టీల పాటలూ చేసినా. వీళ్లు మెట్లు దిగుతాంటే వాళ్లు ఎక్కుతాండిరి. "ఓబులేసు చెయ్యి పడితే పాట నిలబడతాది" అనేవాళ్లు జనం. నేను కాదు, జనం అనేవాళ్లు. నేను ఒప్పుకునేవాణ్ణి, అంతే.

అందులోనూ నాకు బాగా పేరు తెచ్చింది తాళం సరిచేసే పని. ఎవురన్నా గిటారు వాయిస్తే ఒక దెబ్బ ముందు పడతాది, ఒక దెబ్బ వెనక పడతాది. మనిషి చెయ్యి గదా. కంప్యూటర్లో ఆ వాయింపంతా ఒక పచ్చ గీత మాదిరి కనపడతాది. దెబ్బ పడిన కాడ గీత పైకి లేస్తాది. దాని వెనక సన్నగా నిలువు గీతలుంటాయి. దెబ్బ పడాల్సింది ఆ నిలువు గీత మీద. పడకపోతే దాన్ని కోసి, మౌసుతో పట్టుకుని, రవ్వంత జరిపి, దాని చోట్లో దాన్ని కూచ్చోబెట్టాల. కోసిన కాడ చప్పుడు రాకుండా అతకాల. అతుకు వినపడిందంటే పని చెడినట్టే. నా అతుకు ఈరోజు వరకు ఒక్కడు కనిపెట్టింది లేదు. కనిపెట్టినోడు ఉంటే పిలుచుకొని రాండి, కాళ్లకి దండం పెడతా.

సరే. అసలు సంగతికి వస్తా.

నా రూము ఒక నేతగాళ్ల ఇంటి మిద్దె మీద ఉండె. కింద రెండు గుంత మగ్గాలు. ఒకటి ఇంటాయనది, ఇంకొకటి ఆయన కొడుకు నాగరాజుది. పొద్దున ఆరింటికి మొదలైతే రాత్రి తొమ్మిది దాకా నేస్తానే ఉండేవాళ్లు. గోడలకి గుడ్ల అట్టలు అంటించినా, తలుపుకి గోనెసంచులు కొట్టినా, ఆ చప్పుడు పైకి వచ్చేది. అందుకే నా రికార్డింగులన్నీ రాత్రిళ్లే. లేదంటే అమావాస్య రోజు. అమావాస్య నాడు వాళ్లు మగ్గం ముట్టరు. ఎంత అర్జెంటు పెండ్లి చీరైనా సరే, ఆ రోజు మగ్గం మీద గుడ్డ కప్పేస్తారు. నేత వీధులన్నీ గమ్మున ఉంటాయి. ఊరికి కొత్తగా వచ్చినోళ్లు చెవులు పట్టేసినాయేమో అనుకుంటారు. నాకు మాత్రం అది పండగ.

నాగరాజుకి అప్పుడు ఇరవై నాలుగేండ్లు. పెద్ద అంచు పట్టుచీరలు నేసేవాడు. మంచి పనోడు. వానికి గిటారు పిచ్చి. గుత్తి రైల్వే కాలనీలో ఒక రిటైరైన గార్డు కాడ పాత గిటారు కొనుక్కొచ్చినాడు. నేర్పేవాళ్లు యాడున్నారు? నాయన నేస్తాంటే మగ్గం పక్కన గోడకి ఆనుకొని, విని విని, వాయించి వాయించి, వాడే నేర్చుకున్నాడు. పెండ్లి ఆర్కెస్ట్రాల్లో వాయిస్తాండె. అట్ల ఒక పెండ్లిలో వీడి వాయింపు ఒక బెంగుళూరు స్టూడియో ఆయన చెవిన పడింది. ఆయన పేరు చెప్పను. "నువ్వు సొంతంగా కట్టింది ఏదన్నా రికార్డు చేసుకొని సోమవారం పదింటికి రా, వింటా. నచ్చితే నా కాడే ఉండిపోదువు" అన్నాడంట.

ఆ ముందు రోజు ఆదివారం, అమావాస్య. మగ్గం దిగి వచ్చేదానికి వానికి దొరికేది ఆ ఒక్క రోజే.

వాళ్ల నాయన మెట్లెక్కి నా రూముకొచ్చినాడు. ఆయన మెట్లెక్కి రావడం అదే మొదటిసారి.

"చూడప్పా ఓబులేసూ. నేను ఒక్కసారే పంపిస్తా వాన్ని. ఆయన ఊ అంటే పోనీ, నేను అడ్డం పడను. ఉహూ అంటే మాత్రం ఆ గిటారు అటక మీదకి ఎక్కాల. వాడు మగ్గం చూసుకోవాల. మళ్ల ఆ మాటే ఎత్తకూడదు. వాడు సరేనన్నాడు. నువ్వేమంటావు?"

"చిన్నాయనా, నా చెయ్యి పడినాక ఉహూ అనేదానికి ఆయనకి నోరు రావాల గదా" అన్నా.

అట్లే అన్నా. గర్వమంటే గర్వమే. దాచేదేముంది.

ఆదివారం సాయంత్రం వాన్ని కూచ్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, అందులో టిక్కు వేసినా. టిక్... టిక్... టిక్... టిక్. నిమిషానికి తొంభై. రికార్డు చేసేటప్పుడు అది చెవిలో కొడతాంటాది, దానికి కట్టుబడి వాయించాల. ఆ టిక్కులు పడే చోటే నేను చెప్పిన నిలువు గీతలు.

పెండ్లిళ్లలో పులి మాదిరి వాయించే వాడు ఆ రోజు నా ఎదురుగా నీరుగారిపోయినాడు. ఒక దెబ్బ తొందరగా కొడతాడు. ఇంకొకటి భయపడి కొడతాడు. చెమటలు.

"అన్నా, ఈ టిక్కు తీసేయన్నా. నెత్తిలో మేకు దిగ్గొట్టినట్టుండాది."

"అది లేకుంటే నేను సరిచేసేదెట్లప్పా? దానితోనే పో."

"నా వాయింపు నాకే వినపడటం లేదన్నా..."

"నువ్వు వాయించు. మిగిలింది నా పని."

నాలుగు నిమిషాల బాణీ. పది సార్లు వాయించినాడు. ఉన్నదాంట్లో మంచిది ఒకటి తీసిపెట్టినా. అప్పటికి రాత్రి తొమ్మిది దాటింది. పొద్దున ఐదింటికి బెంగుళూరు రైలు. మూడువందల చిల్లర దెబ్బలు, అన్నీ చెల్లాచెదురు. నాకు భయం కాదు, హుషారు పుట్టింది. ఇట్లాంటి పనే నాకు కావాల్సింది.

నాగరాజు చాప చంకన పెట్టుకొని బయట మిద్దె మీద పండుకునేదానికి పోతా, తలుపు కాడ నిలబడినాడు.

"అన్నా... నువ్వు అన్నీ గీత మీద పెట్టేస్తావు. బాగానే ఉంటాది. ఆడికి పోయినాక, ఇట్లే వాయించు చూస్తాం అని ఆయనంటే? అప్పుడు నేనేం చేసేది?"

నేను స్క్రీన్ వైపు తిరిగినా.

"ముందు ఆయన స్టూడియోలోకి పో. తర్వాతది తర్వాత. పండుకో పో."

వాడు పోయినాడు. నేను తలుపు దగ్గరికి వేసి పనిలో కూచ్చున్నా.

ఆ రాత్రి పని చేసినట్టు నేను జన్మలో చేయలేదు. కోసేది, జరిపేది, అతికేది. కోసేది, జరిపేది, అతికేది. ఫ్లాస్కులో టీ చల్లారిపోయింది. బయట చుక్కలు తప్ప ఇంకేం లేవు. ఊరంతా ఒక్క చప్పుడు లేదు... కుక్క కూడా అరవలేదు. ఒంటి గంట పదికి అయిపోయింది. సేవ్ కొట్టినా. టైము ఎందుకు గుర్తుందంటే, మూడు గంటల్లో అయిపోతాది అనుకున్న పని నాలుగు గంటలు పట్టిందే అని తిట్టుకుంటా గడియారం చూసినా.

హెడ్‌ఫోన్ పెట్టుకొని, కండ్లు మూసుకొని, మొదటి నుంచి విన్నా. ఒక్క దెబ్బ గీత దాటలేదు. దారం పట్టి కొలిచినట్టుండాది. నాలో నేను నవ్వుకున్నా. ఒరే ఓబులేసూ, బెంగుళూరోడు కూడా నీ ముందర దిగదుడుపేరా అనుకున్నా.

రెండో నిమిషంలో... టప్.

మీకు చెప్పినా గదా, నా అతుకు వినపడదని. అందుకే ముందు నాకు భయం కాదు, అవమానం అయింది. యాడో అతుకు తప్పిందనుకున్నా. వెనక్కి తిప్పి అదే చోట మళ్ల విన్నా. లేదు. ఏం లేదు. ముందుకి పోనిచ్చినా.

టప్.

వేరే చోట.

మళ్ల వెనక్కి. లేదు. ముందుకి... టప్. స్క్రీన్ మీద చూసినా. ఆ చప్పుడు వచ్చిన కాడ పచ్చ గీత నేల మాదిరి చదునుగా ఉండాది. లేవనే లేదు. గీత లేవకుండా చప్పుడు ఎట్ల వస్తాది?

గిటారు సౌండు పూర్తిగా ఆపేసినా. ఉన్నదే ఆ ఒక్క వాయింపు, దాన్ని ఆపేస్తే ఇంగేం మిగలదు. హెడ్‌ఫోన్లో గాలి చప్పుడు కూడా ఉండకూడదు.

టక... టక... టక...... టప్.

మూడు చప్పుళ్లు. రవ్వంత జాగు. ఆపైన నాలుగోది.

టక... టక... టక...... టప్.

హెడ్‌ఫోన్ తీసినా. నిశ్శబ్దం. పెట్టుకున్నా. టక... టక... తీసినా. నిశ్శబ్దం. అట్ల నాలుగైదు సార్లు చేసుంటా. అప్పుడు... వీపు మీద ఎవురో చల్లని చెయ్యి పెట్టినట్టయింది. ఎందుకంటే నాకు ఆ చప్పుడు తెలుసు. మూడేండ్లుగా పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా వింటాండా. దారం కండె పెట్టిన నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకి పోయి, నేతగాడు దారాన్ని ముందరికి లాగి కొట్టే చప్పుడు.

మగ్గం.

ఆ రోజు అమావాస్యప్పా.

తెలివి యాడికీ పోలేదు నాకు. మైకు ఆన్‌లో ఉందేమో, కింద ఏదో చప్పుడు లాగుతాందేమో అని చూసినా. మైకు తీసి డబ్బాలో పెట్టుండాది. వైరు చుట్టి మేకుకి తగిలించుండాది. నేనే తగిలించినా. అయినా డబ్బా తెరిచి చేత్తో తడిమి చూసినా, ఉండాది. మళ్ల మూసినా.

హెడ్‌ఫోన్ పిన్ను పీకి స్పీకర్లకి పెట్టినా. ఇప్పుడు రూమంతా వినపడతాంది. టక... టక... టక......

కరెంటు పోయింది.

స్క్రీన్ ఆరిపోయింది. స్పీకరు ఆరిపోయింది. నా యూపీఎస్ పేరుకే యూపీఎస్, బ్యాటరీ చచ్చి ఆరు నెలలైంది. ఫ్యాను నిదానంగా తిరిగి తిరిగి ఆగింది. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. కుర్చీలో అట్లే కూచ్చున్నా... ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

టప్.

బయట నుంచి.

నాలుగోది. స్పీకర్లో ఆగిపోయిన చోటు నుంచి, సరిగ్గా ఆ జాగు తర్వాత, నాలుగోది బయట పడింది. తర్వాత మళ్ల మొదలు. టక... టక... టక...... టప్.

నేను ధైర్యవంతున్ని అని చెప్పను. అయితే రోషగాన్ని. ఎవురో నా పని చెడగొడతాండారు అనే కోపం భయం కంటే ఒక్క వేలు ఎక్కువుండె. బ్యాటరీ లైటు తీసుకొని, తలుపు తీసి, ముందు కిందికి దిగినా. మగ్గాల రూముకి తాళం వేసుండాది. కిటికీలో నుంచి లైటు కొట్టినా. రెండు మగ్గాలూ గుడ్డ కప్పుకొని ఉండాయి. గుడ్డ కదలటం లేదు. నాడె గోడగూట్లో ఉండాది. బయట మంచం మీద చిన్నాయన నోరు తెరుచుకొని గురక పెడతాండాడు.

చప్పుడు మాత్రం వస్తాంది. ఇప్పుడు పై నుంచి.

మెట్లు ఎక్కినా. పదమూడు మెట్లు. ఎక్కుతాంటే నా కాళ్లు కూడా ఆ తాళానికే పడతాండాయని మధ్యలో గుర్తుపట్టి, కావాలని తప్పు అడుగు వేసినా. అంత భయమేసింది నాకు.

మిద్దె మీద చాప. చాప మీద నాగరాజు. వెల్లకిలా పండుకొని నిద్ర పోతాండాడు. లైటు మొహం మీద వేయలేదు, పక్కన వేసినా. ముందు మొహమే చూసినా. గాఢ నిద్ర. తర్వాత... లైటు నిదానంగా కిందికి తెచ్చినా.

వాని కాళ్లు నేస్తాండాయి.

ఎడమ కాలు దిగింది. మడమ చాప మీద తగిలింది. కుడి కాలు దిగింది. మళ్ల ఎడమ. గుంతలో కూచ్చొని మగ్గం తొక్కే కాళ్లు ఎట్ల ఆడతాయో, సరిగ్గా అట్లే. తొందర లేదు. తడబాటు లేదు. మూడు అయినాక ఆగినాయి... ఆ ఆగిన కాడ వాని కుడి చెయ్యి చాప మీద పక్కకి జరిగింది. ఏదో అందుకున్నట్టు వేళ్లు మూసుకున్నాయి. జరీ అంచు కాడ నాడె మార్చేటప్పుడు నేతగాడి చెయ్యి రవ్వంత ఆగుతాది, పగటి పూట వెయ్యి సార్లు చూసినా నేను. చెయ్యి ఆ పని చేసింది. చేసినాక కాలు దిగింది.

టప్.

మీరు అనొచ్చు, వాని మడమల చప్పుడే నీకు వినపడిందని. నేనూ అదే అనుకున్నా. అనుకోవాలని చూసినా. టప్ అనేది మడమది అనుకుందాం. మరి టక? అది కట్టె చప్పుడప్పా. చాప మీద ఒట్టి కాలు తగిలితే కట్టె చప్పుడు రాదు. పైగా నేను హెడ్‌ఫోన్ తీస్తే నిశ్శబ్దం, పెడితే చప్పుడు.

"నాగరాజూ" అని పిలిచినా. లేవలేదు వాడు.

వంగినా. లెక్కపెట్టుకుంటాండా. ఒకటి. రెండు. మూడు. ఆ జాగులో వాని కాలు పట్టుకున్నా. పొద్దంతా మగ్గం తొక్కినోడి కాలు మాదిరి పిక్క గట్టిగా, వెచ్చగా ఉండాది. పట్టుకుంటానే మెత్తబడిపోయింది. రెండు కాళ్లూ ఆగిపోయినాయి. వాడు అటు పక్కకి తిరిగి పండుకున్నాడు.

గమ్మునైపోయింది అంతా.

మూడు పడినాయి. నాలుగోది పడలేదు. నేను వంగినోన్ని వంగినట్టే ఉండా... ఎందుకో అది పడేదాకా కదలబుద్ధి కాలేదు. తాళం పట్టి పట్టి చెవికి అలవాటు గదా, నాలుగోది కావాలని అడుగుతాంది.

కింద... తాళం వేసిన రూములో...

టప్.

ఆ తర్వాత నేను రూములోకి ఎట్ల వచ్చినానో, గడియ ఎప్పుడు పెట్టినానో నాకు తెలీదు. కదిరి నరసింహస్వామిని తలుచుకుంటా గోడకి ఆనుకొని కూచ్చున్నా. నిద్ర పోలేదు. ఒట్టు పెట్టినా గదా, నిద్ర పోలేదు.

నాలుగింటికి కరెంటొచ్చింది. లైటు వెలిగేసరికి ధైర్యం వచ్చింది. ధైర్యం రాగానే పని గుర్తుకొచ్చింది. ఐదింటికి రైలు. కంప్యూటర్ ఆన్ చేసి, ఫైలు తెరిచినా.

ఒక్క దెబ్బ కూడా గీత మీద లేదు.

నాగరాజు వాయించిన చోటా లేవు అవి. నేను పెట్టిన చోటా లేవు. ఇంకో చోట ఉండాయి. ప్రతి నాలుగు దెబ్బల్లో మూడు సమానంగా, నాలుగోది రవ్వంత వెనక. మొదటి నుంచి చివరి దాకా అంతే. మూడువందల చిల్లరలో ఒక్కటి కూడా ఆ లెక్క తప్పలేదు. నేను కోయని కాడ కూడా కోసుండాది. అతుకులు చూసినా, పెద్దది చేసి చేసి చూసినా. నా అతుకులే. నేను ఎట్ల అతుకుతానో అట్లే. నా చెయ్యి నాకు తెలీదా?

ఫైలు సేవ్ అయిన టైము చూసినా. ఒంటి గంట పది.

నేను సేవ్ కొట్టిన టైమది. నేను సేవ్ కొట్టినాక అన్నీ గీత మీద ఉన్నట్టు నా చెవులారా విన్నా. నా చెవి అబద్ధం చెప్పాల, లేదంటే కంప్యూటర్ అబద్ధం చెప్పాల. మూడోది ఏముండాదో నాకు తెలీదు.

ప్లే కొట్టినా.

ఏమని చెప్పేది అప్పా... నేను అతికింది శుభ్రంగా ఉండె, కానీ అందులో మనిషి లేడు. ఇది నడుస్తాంది. ఆ నాలుగో దెబ్బ కోసం నా పానం ముందుకి వంగి కూచ్చుంది. పడగానే హాయిగా ఉండాది. మళ్ల దాని కోసమే ఎదురుచూసింది. మగ్గం చప్పుడు అందులో లేదు, ఒట్టి గిటారే. నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. భయంతో కాదు. అంత బాగుండాది.

నేను ముట్టుకోకముందు తీసిపెట్టిన పాత రికార్డింగు వేరే సీడీలో ఉండాది, అది పంపితే వాని బతుకు మగ్గానికే. మళ్ల నాలుగు గంటలు కూచ్చొని గీత మీద పెట్టేదానికి టైము లేదు. అది ఒక సాకు. నిజం చెప్పాలంటే, టైమున్నా పెట్టేవాణ్ణి కాదు. దీన్నే సీడీ కొట్టినా.

తలుపు తట్టినాడు నాగరాజు. మొహం కడుక్కొని, గిటారు సంచి తగిలించుకొని ఉండాడు.

"అయిందా అన్నా?"

"అయింది."

"కాళ్లు ఒకటే పీకుతాండాయన్నా. రాత్రంతా నేసినట్టుండాది" అన్నాడు, పిక్కలు వత్తుకుంటా.

సీడీ చేతిలో పెట్టినా. వినేదానికి టైము లేదు, వాడు పరిగెత్తినాడు.

ఆ రోజంతా మెతుకు ముట్టలేదు నేను. చిన్నాయన కింద మగ్గం మొదలుపెట్టినాడు. ఆయన కూడా కాలు నిలవక మూడు సార్లు మగ్గం దిగి వీధి చివర దాకా పోయి వచ్చినాడు. మధ్యాహ్నం రెండింటికి మా ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ ఆయన కేక పెట్టినాడు. ఇద్దరం ఉరికినాం. చిన్నాయన రిసీవర్ నా చేతికే ఇచ్చినాడు.

"అన్నా, తీసుకున్నాడన్నా!" నాగరాజు అరుస్తాండాడు. "రేపటి నుంచి రమ్మన్నాడు!"

చిన్నాయనకి తల ఊపినా. ఆయన ఆడే గట్టు మీద కూలబడి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమన్నాడప్పా? ఎట్ల జరిగింది?"

"సీడీ మొత్తం విన్నాడన్నా. వింటానే ఉండాడు, ఏం మాట్లాడడు. అయిపోయినాక గిటారు తియ్యి, ఈ సీడీ మళ్ల పెడతా, దాంతో పాటు వాయించు అన్నాడు. నువ్వు అంతా మార్చేసుంటావు, నేను దానికి అందుకోలేను అనుకున్నా. భయపడి భయపడి మొదలుపెట్టినా. చూస్తే..."

"చూస్తే?"

"నేను వాయించినట్టే ఉండాదన్నా! అచ్చం నా వాయింపే. నువ్వు ఒక్క దెబ్బ కూడా కదిలించలేదే! నిన్న నేను నీ కాడ ఎట్ల వాయించినానో అట్లే వదిలేసినావు. నాలుగు నిమిషాలు, ఒక్క దెబ్బ అటూ ఇటూ కాకుండా పడింది. ఆ నాలుగో దెబ్బ కాడ ఆపడం ఎవురు నేర్పినారు అని అడిగినాడు సారు. ఎవురూ నేర్పలేదని చెప్పినా. మా ఓబులేసన్న అయితే ఏమీ ముట్టుకోలేదు సార్, ఎవురన్నా ఆయన మాదిరి వదిలేస్తారా అని కూడా చెప్పినా. బాగా చెప్పినానా అన్నా?"

"బాగా చెప్పినావు" అన్నా.

వాడు ఇప్పుడు బెంగుళూరులో పెద్ద చెయ్యి. నలుగురూ వాని టైము కోసం కాచుకొని ఉంటారు. వాడు యాడ వాయించినా నా పేరు చెప్తాడు. నా కాడికి బెంగుళూరు నుంచి, హిందూపురం నుంచి పని రావడం మొదలైంది దాని వల్లే. "నాగరాజుకి చేసినట్టు చేయన్నా" అంటారు. చేసేదానికి చూసినా. లెక్క నాకు తెలుసు గదా, మూడు సమానం, నాలుగోది వెనక. ఎన్ని సార్లు చేసినా కుంటుతాది. అమావాస్య రోజు కూచ్చొని కూడా చేసి చూసినా, సిగ్గు విడిచి చెప్తాండా. కుంటుతాది.

పాత రికార్డింగు ఇప్పటికీ నా బీరువాలో ఉండాది. తడబాట్లన్నీ అందులో అట్లే ఉండాయి. ఒక్కసారి కూడా నాగరాజుకి వినిపించలేదు. వినిపిస్తే అది నేను కాదంటాడేమో అని ఒక భయం. నేనే అని ఒప్పుకుంటాడేమో అని ఇంకో భయం.

ఆ రాత్రి అది ఎవురు చేసినారు? నిద్రలో వాడా? ఒంటి మీద తెలివి లేకుండా నేనా? కింద నాలుగో దెబ్బ కొట్టినవాళ్లా? నాకు తెలీదప్పా. ఇన్నేండ్లైనా తెలీదు. ఎవురన్నా వచ్చి నీ పనుల్లో మంచిది ఒకటి వినిపించు అంటే మాత్రం, చెయ్యి దానంతట అది పోయి ఆ సీడీనే తీస్తాది. విని వాళ్లు అబ్బా అంటారు. నా రొమ్ము ఇంత పొంగుతాది. ఎవురి పని చూసి పొంగుతాందో తెలీకనే పొంగుతాది.